మిద్దె మీద మట్టి లేని తోట

రాత్రి పడుకునే ముందు సూరా అల్ ముల్క్ పఠించే అలవాటు మన కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. ముప్పయి ఆయతులు గల ఆ సూరా ఒక ప్రశ్నతో ముగుస్తుంది. మీ నీరు నేల లోతుల్లోకి ఇంకిపోతే, పారే నీటిని మీకు తెచ్చి ఇవ్వగలవాడెవడని అల్లాహ్ తన దాసులను అడుగుతున్నాడు. గోదావరి తీరపు పిల్లలకు ఈ ఆయత్ బోధించేటప్పుడు కొంత వివరణ అవసరమవుతుంది. చిత్తూరు ప్రాంతపు పిల్లలకు ఆ అవసరం ఉండదు. వెయ్యి అడుగుల లోతుకు బోరు వేయించి, రాతి పొడి తప్ప మరేమీ పైకి రాక, అప్పు మాత్రమే మిగిలిన కుటుంబాలను వారు ఎరుగుదురు. ఆ ప్రశ్న వారికి రాత్రి పఠనంలోనే కాక పగటి జీవితంలోనూ వినిపిస్తుంది.

అటువంటి సీమలో ఒక కుటుంబం మట్టి లేకుండా, కొలిచిన నీటితో, ఇంటి మిద్దె మీద ఆకుకూరలు పెంచుతున్నదని విని గత రజబ్ మాసంలో చిత్తూరు వెళ్లాను. ఆ ఇంటి కుమారుడు నా పూర్వ విద్యార్థి. గల్ఫ్‌లో కొన్నేళ్లు గ్రీన్‌హౌస్‌లో పనిచేసి తిరిగి వచ్చాడు. చూసినదీ, తెలుసుకొన్నదీ పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మదనపల్లె నుండి నీవా నది వరకు

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్లే దారి ఈ ప్రాంతపు వ్యవసాయ చరిత్రను ఒకే ప్రయాణంలో చూపిస్తుంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి అక్కడే ఉంది. 2023 జూలైలో అక్కడ కిలో టమోటా ధర 150 రూపాయలు దాటింది. అదే పంటను, కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. రైతు చెమటా, భూగర్భ జలమూ కలిసి ఆ కుప్పల్లో వృథా అవుతాయి.

పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగితే గాలి వేడెక్కుతుంది. బంగారుపాళెం వద్ద మామిడి తోటలు మొదలవుతాయి. తోతాపురి కాయ, గుజ్జు పరిశ్రమలు ఈ ప్రాంతానికి పేరు తెచ్చాయి. మామిడి లోతుగా వేరూని నీటి ఎద్దడికి ఓర్చుకొంటుంది. ఆకుకూరకు ఆ ఓర్పు లేదు. దానికి నీరు ప్రతి దినమూ కావాలి. అందుకే బోర్లు ఎండిన ఊళ్లలో మొట్టమొదట మాయమయ్యేది పెరటి మడి.

చిత్తూరు నీవా నది ఒడ్డున ఉంది. నేను చూసిన నాడు నదిలో ఇసుక, ముళ్లపొదలు ఎక్కువగా, నీరు తక్కువగా ఉన్నాయి. ఈ నది పేరు మీదనే హంద్రీ-నీవా పథకం ఉంది. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా నీటిని మెట్టు మెట్టుగా ఎత్తిపోసి, ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన కాలువల ద్వారా ఈ సీమకు చేర్చాలన్నది దాని సంకల్పం. అంత దూరం నుండి నీరు తేవలసిన నేలపై నిజానికి వాన అంత తక్కువేమీ కాదు. ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. అయితే అందులో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలతో కొద్ది రోజుల్లోనే కురిసి పారిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు వరదలో మునిగాయి. చెరువులు నిండి పొర్లిన సీమే వేసవి వచ్చేసరికి ట్యాంకర్ కోసం ఎదురుచూడవలసి వస్తుంది. నీటి కొరతతో పాటు నీటిని నిలుపుకోకపోవడం కూడా ఇక్కడి వ్యాధి.

ఈ నేలకు తోటల ప్రేమికుడైన ఒక పాలకునితో సంబంధం ఉంది. నవాబు హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట వద్ద యుద్ధ శిబిరంలో కన్నుమూశారు. బెంగళూరులోని లాల్ బాగ్‌ను 1760లో ప్రారంభించినది ఆయనే. తరువాత టిప్పు సుల్తాన్ దూర దేశాల నుండి మొక్కలు తెప్పించి దానిని పెంచారు. అక్కడి ప్రసిద్ధ గాజు మందిరానికి బ్రిటిష్ కాలంలో 1889లో పునాది పడింది. పాలకులు పోయారు, రాజ్యాలు మారాయి. నాటిన తోట మాత్రం ఈనాటికీ లక్షలాది ప్రజలకు నీడనిస్తున్నది. ఒక ముస్లిము నాటిన మొక్క నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తిన్నదంతా అతని పక్షాన సదఖా అవుతుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

మిద్దె మీద చూసినది

ఆ ఇల్లు ఇరుకు వీధిలో ఉంది. పెరడు లేదు. నేల ఉన్నంత మేరా గోడలే. మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్తే ఇనుప గొట్టాల చట్రం మీద పరచిన ఆకుపచ్చ షేడ్ నెట్ కింద ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గల చిన్న గ్రీన్‌హౌస్ కనిపించింది. గాజు లేదు, ఏసీ లేదు. నడుము ఎత్తున ఆరు వరుసల నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు, ఒక్కొక్క గొట్టానికి ఇరవై రంధ్రాలు. ప్రతి రంధ్రంలో చిల్లుల ప్లాస్టిక్ గిన్నె, అందులో కొబ్బరి పొట్టు, దానిలో ఒక మొక్క. పాలకూర, పుదీనా, కొత్తిమీర, చుక్కకూర, లెట్యూస్ అన్నీ కలిపి నూట ఇరవై మొక్కలు.

గొట్టాల్లో సన్నని ధారగా నీరు నడుస్తూ, వేళ్లను తడుపుతూ, చివరకు మెట్ల కింద ఉన్న రెండు వందల లీటర్ల డ్రమ్ములోకి చేరుతుంది. చిన్న మోటారు దానిని మళ్లీ పైకి పంపుతుంది. పొలంలో పెట్టిన నీరు కొంత ఇంకిపోతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలినదే మొక్కకు దక్కుతుంది. ఇక్కడ మొక్క తాగినది, ఆకుల ద్వారా ఆవిరైనది తప్ప మిగిలిన నీరంతా తిరిగి డ్రమ్ముకే వస్తుంది. రోజుకు సగటున పన్నెండు లీటర్లు కలిపితే సరిపోతున్నదని నా విద్యార్థి చెప్పాడు.

అతని తల్లి డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఇల్లాలు. తోట నిర్వహణ ఆమెదే. "హజ్రత్, మా వాడు డ్రమ్ముకు గీతలు గీశాడు. ఎన్ని నీళ్లు తగ్గాయో ప్రతి పొద్దునా నోటుపుస్తకంలో రాయాలి. ఇన్నేళ్ల నా బతుకులో నీళ్లకు లెక్క రాయడం ఇదే మొదలు" అన్నారామె. ఆ తోటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది ఆ నోటుపుస్తకమే.

పుదీనా చెప్పిన శాస్త్రం

పుదీనా కొమ్మను నీటి గ్లాసులో పెడితే నాలుగైదు రోజుల్లో వేళ్లు వస్తాయని మన ఇళ్లలో స్త్రీలందరికీ తెలుసు. మట్టి లేని సాగు శాస్త్రం కూడా దాదాపు అక్కడి నుండే మొదలైంది. ఇంగ్లండుకు చెందిన జాన్ వుడ్‌వర్డ్ పుదీనా జాతి మొక్కలను వాన నీటిలో, నది నీటిలో, తోట మన్ను కలిపిన నీటిలో వేర్వేరుగా పెంచి చూసి 1699లో ఫలితాలు ప్రకటించాడు. మన్ను కలిపిన నీటిలోనివే బాగా పెరిగాయి. అంటే మట్టి నుండి నీటిలో కరిగే ఏదో మొక్కకు ఆహారమవుతున్నదని తేలింది. 1860 ప్రాంతంలో జర్మనీ శాస్త్రజ్ఞులు సాక్స్, నాప్ ఆ లవణాలేమిటో వేరు చేసి చూపారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె నీటి తొట్లలో టమోటా తీగలను పెంచి, 1937లో ఈ విధానానికి హైడ్రోపోనిక్స్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో నీరు, శ్రమ అనే రెండు మాటల కలయిక అది. మన దేశంలో 1946లో కాలింపాంగ్ వద్ద షోల్టో డగ్లస్ అనే ఆయన సామాన్యులకు అందే తేలిక పద్ధతులను ప్రయోగించి చూశాడు.

వీరందరికీ ఎంతో ముందు అందలూసియా ముస్లిం పండితులు వ్యవసాయాన్ని ఒక విద్యగా తీర్చిదిద్దారు. పన్నెండవ శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ రచించిన కితాబుల్ ఫిలాహా వందలాది మొక్కలను, నేలల రకాలను, నీటి పారుదల పద్ధతులను వివరించింది. నేలను, నీటిని పరీక్షించి తెలుసుకోవడం మన విద్యా సంప్రదాయానికి కొత్త కాదు.

నేడు ఈ విధానం ఎడారి దేశాల్లో విస్తరించింది. 2022లో దుబాయిలో ప్రారంభమైన బుస్తానికా అనే భారీ భవన వ్యవసాయ క్షేత్రం ఏడాదికి వెయ్యి టన్నులకు పైగా ఆకుకూరలు పండించే సామర్థ్యంతో నిర్మితమైంది. మన సీమ నుండి గల్ఫ్‌కు వెళ్లినవారిలో కొందరు ఇటువంటి గ్రీన్‌హౌస్‌లలో పనిచేసి, ఆ నైపుణ్యంతో తిరిగి వస్తున్నారు. రియాలు, దీనారు ఖర్చయిపోతాయి, నేర్చిన పని మిగులుతుంది.

లాభమూ, దాని వెలా

అమెరికాలోని అరిజోనాలో లెట్యూస్ పంటపై 2015లో ఒక అధ్యయనం వెలువడింది. ఒక కిలో పంటకు పొలంలో సుమారు 250 లీటర్ల నీరు అవసరమైతే, మట్టి లేని సాగులో 20 లీటర్లు సరిపోతాయని అది లెక్కగట్టింది. దిగుబడి దాదాపు పదకొండు రెట్లు. ప్రచారకులు ఇంతవరకే చెబుతారు. అదే అధ్యయనం మరొక మాట కూడా చెప్పింది. గ్రీన్‌హౌస్‌ను చల్లబరచడానికి, వెచ్చబరచడానికి, దీపాలకు కలిపి ఇంధన వినియోగం ఎనభై రెట్లకు పైగా పెరిగింది. న్యాయంగా తూచేవారు రెండు పళ్లాలనూ చూడాలి.

మిద్దె మీద షేడ్ నెట్ తోటకు ఆ భారం లేదు. వెలుతురు అల్లాహ్ ఇచ్చినదే. పద్దెనిమిది వాట్ల మోటారు రాత్రింబవళ్లు నడిచినా నెలకు పదమూడు యూనిట్ల కరెంటు అవుతుంది. అయితే ఇబ్బందులు వేరే ఉన్నాయి. మొదటి వేసవిలో డ్రమ్ము ఎండలో ఉండడంతో నీరు వేడెక్కింది. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గి వేళ్లు కుళ్లిపోయి, వారం రోజుల్లో తోట మొత్తం వాడిపోయింది. ఆ తరువాతనే డ్రమ్మును మెట్ల కింద నీడకు మార్చి, చుట్టూ తడి గోనె కట్టారు. ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్ మానివేసి, ఎండకు ఓర్చే తోటకూర, గంగవాయిలి కూర మాత్రమే వేస్తున్నారు. కరెంటు పోతే గొట్టాల్లోని వేళ్లు కొద్ది గంటల్లోనే ఎండిపోతాయి కనుక, ప్రతి గొట్టంలో ఒక అంగుళం నీరు ఎప్పుడూ నిలిచి ఉండేలా చివరి మూతను ఎత్తుగా అమర్చారు.

బోరు నీటిలోని ఉప్పు మరొక సమస్య. అందులో ముందే ఎన్నో లవణాలు కరిగి ఉండటం వల్ల మొక్కకు కావలసిన పాళ్లు కుదరవు. ఈ కుటుంబం మిద్దె మీద పడే వాన నీటిని తొట్టిలో పట్టి బోరు నీటితో సగం సగం కలుపుతున్నది. ఇక్కడ ఒక లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది 80 వేల లీటర్లకు పైమాటే. ఈ తోట ఏడాదంతా తాగేది ఐదు వేల లీటర్ల లోపు. మన తల మీద కురిసిన కారుణ్యాన్ని మురుగు కాలువకు వదిలి, ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెడుతున్నాం.

రసాయనాలు పోసి పెంచిన కూర తినవచ్చునా అని పలువురు అడుగుతారు. నత్రజని, భాస్వరం, పొటాష్, కాల్షియం, ఇనుము వంటి ఖనిజ లవణాలనే మొక్క మట్టి నుండైనా, నీటి నుండైనా గ్రహిస్తుంది. కానీ కొలత తప్పకూడదు. ఎరువు మితిమీరితే ఆకుల్లో నైట్రేట్ పేరుకొంటుంది. అందువల్ల కోతకు ముందు కొన్ని రోజులు వట్టి నీరు పంపుతున్నారు. డ్రమ్ములోని పాత ద్రావణాన్ని కాలువలో పోయక, కొబ్బరి చెట్టు మొదట్లో పోస్తున్నారు.

ఇది టమోటా రైతుకు, వేరుశనగ రైతుకు ప్రత్యామ్నాయం కాదు. ధాన్యం, పప్పు, నూనె గింజలు నేల మీదనే పండాలి. పాడి రైతుల కోసం ట్రేలలో మొక్కజొన్న మొలకలను పశుగ్రాసంగా పెంచే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. కిలో గింజల నుండి వారం రోజుల్లో ఐదారు కిలోల పచ్చిమేత వస్తుంది. అయితే ఆ బరువులో అధిక భాగం నీరేనని గుర్తుంచుకోవాలి. అద్భుతమని చెప్పి వేల రూపాయల సామగ్రి అంటగట్టేవారి మాట విని అప్పు చేయడం వివేకం కాదు.

నీటి లెక్క, ధర్మం లెక్క

దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సాఅ్ నుండి ఐదు ముద్‌ల నీటితో గుసుల్ చేసేవారని ప్రామాణిక హదీసుల్లో ఉంది. ముద్ అంటే దాదాపు ఒక లీటరు, లేదా అంతకన్నా తక్కువ. వుజూలో ఎక్కువ నీరు వాడుతున్న హజ్రత్ సఅద్ (రజి)ను వారించి, పారే నది ఒడ్డున ఉన్నా దుబారా దుబారాయేనని ఆయన తెలియజేసిన ఉదంతం ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. నా విద్యార్థి తన ఇంటి కొళాయి కింద బకెట్ పెట్టి వుజూ చేసి చూస్తే ఆరు లీటర్లు నిండాయట. ఇంట్లో రోజుకు ఇరవై వుజూలు జరిగి, ఒక్కొక్కదానిలో నాలుగు లీటర్లు ఆదా చేసినా ఎనభై లీటర్లు మిగులుతాయి. నూట ఇరవై మొక్కలకు కావలసినది పన్నెండే. తోటకు నీరెక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంటి వుజూ స్థలంలోనే దొరికింది. ఇప్పుడు ఆ ఇంట్లో చెంబుతో వుజూ చేస్తున్నారు.

ఈ పంటపై ఉష్ర్ ఉన్నదా అని ఆ కుటుంబం నన్ను అడిగింది. నేల నుండి పండిన ప్రతి దానిపై, కూరగాయలతో సహా, ఉష్ర్ ఉన్నదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. నిలవ ఉండే పంటలకే, అదీ ఐదు వసఖ్‌ల పరిమాణానికి చేరితేనే వర్తిస్తుందని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం. అయితే నివాస గృహంలోని చెట్టు ఫలాలపై ఉష్ర్ లేదని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు పేర్కొన్నాయి. కనుక ఇంటి అవసరాలకు మిద్దె మీద పెంచుకొనే కూర విషయంలో చింత అక్కర లేదు. విక్రయం కోసం పెద్ద ఎత్తున సాగు చేసేవారు మాత్రం చేతిలో మిగిలిన ధనాన్ని ఇతర ఆస్తితో కలిపి, నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే రెండున్నర శాతం జకాత్ చెల్లించాలి. వివరాలకు తమ ప్రాంతపు ముఫ్తీలను సంప్రదించడం మేలు.

ఉష్ర్ విధి కాకపోయినా పొరుగువారి హక్కు ఉండనే ఉంది. కూర వండేటప్పుడు కాస్త నీరు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోవాలని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూ జర్ (రజి)కు ఉపదేశించారు. ఆ ఇంటి పుదీనా, కొత్తిమీర వీధిలోని ముస్లిముల ఇళ్లకూ, హిందువుల ఇళ్లకూ సమానంగా వెళ్తున్నాయి. రమజానులో ఇఫ్తార్ చట్నీకి పుదీనా కొనవలసిన అవసరం ఆ వీధిలో రాలేదట.

మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు

మొదటనే గొట్టాలు, మోటారు కొనవద్దు. మూత ఉన్న పది లీటర్ల బకెట్ చాలు. మూతకు రంధ్రం చేసి, చిల్లుల గిన్నెలో నారు నిలిపి, ద్రావణం గిన్నె అడుగును తాకేలా పోయండి. మొక్క నీరు తాగిన కొద్దీ మట్టం తగ్గి, పైవేళ్లకు గాలి తగులుతుంది. హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో కరెంటు అవసరమే లేదు. బకెట్‌లోకి వెలుతురు చొరకూడదు, చొరబడితే పాచి పడుతుంది. రెండు సీసాల్లో అమ్మే పోషక ద్రావణాలను నీటిలో విడివిడిగా కలపాలి. నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే అడుగున గడ్డకడతాయి. నీటి ఆమ్ల గుణం 5.5 నుండి 6.5 మధ్య ఉండాలి. దానిని పరీక్షించే కాగితాలు బజారులో దొరుకుతాయి. పాలకూరతో గానీ, పుదీనాతో గానీ అక్టోబరులో ఆరంభిస్తే ఈ ప్రాంతపు వాతావరణం సహకరిస్తుంది. సబ్బు కలిసిన నీటిని ఈ తొట్లలో వాడరాదు. వుజూ చేసిన నీటిని మట్టిలోని కరివేపాకు మొక్కకు పోయవచ్చు. పిల్లల చేత రోజూ నీటి లెక్క రాయించండి. పంట కొద్దిగానే వచ్చినా ఆ లెక్క వారికి జీవితాంతం ఉపయోగపడుతుంది.

మట్టి లేకుండా పండించామన్న గర్వానికి మాత్రం చోటివ్వరాదు. సూరా అల్ వాఖిఆలో అల్లాహ్ విత్తేవారిని ఉద్దేశించి, దానిని మొలకెత్తించేది మీరా, మేమా అని అడుగుతున్నాడు. ఆ వెంటనే మీరు తాగే నీటిని మబ్బుల నుండి దించినది ఎవరని, తలచుకొంటే ఆ నీటిని ఉప్పగా చేసివేయలేమా అని ప్రశ్నిస్తున్నాడు. మట్టిని తొలగించి చూసినా ఆ ప్రశ్న తొలగలేదు. గొట్టం మనది, కొలత మనది. గింజను చీల్చి మొలకను వెలికితీసే శక్తి ఆయనది. మన వంతుగా మిగిలినది అప్పగించిన నీటిని అమానతుగా కాపాడటమే.

అల్లాహ్ మన నేలలపై లాభదాయకమైన వర్షాలు కురిపించుగాక! ప్రతి నీటి చుక్కకూ లెక్క చెప్పవలసిన దినాన్ని మరువకుండా జీవించే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.